ఆవగింజ కన్నా సన్నది కుండీలోకి రానివ్వకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ. నాలుగో అంతస్తు, తూర్పు బాల్కనీ, సముద్రం గాలి నేరుగా కొడుతుంది. మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ జేడ్, ఎచివేరియా, హవర్తియా అనే దళసరి ఆకుల మొక్కలు (సక్యులెంట్లు) తెచ్చి ఇచ్చింది. ఆ సరదాతో నేనూ నర్సరీకి వెళ్ళి స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, మనీ ప్లాంట్ కొన్నాను. వీడియోలో చూసినట్టే సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పావు వంతు వర్మీ కంపోస్టు, పావు వంతు ఇసుక కలిపాను. నీళ్ళు నిలవకూడదని అడుగున రెండంగుళాలు గులకరాళ్ళు కూడా వేశాను. వారానికి రెండుసార్లే నీళ్ళు. ఆగస్టు దాకా బాగున్నాయి. సెప్టెంబరులో ఎచివేరియా కుళ్ళిపోయింది. ఇప్పుడు జేడ్ ఆకులు ముట్టుకుంటే రాలుతున్నాయి, మొదలు మెత్తబడింది. మనీ ప్లాంట్ చుట్టూ చిన్న చిన్న నల్ల దోమలు. అక్కడ మా అమ్మాయి ఇంట్లో అవే మొక్కలు, అదే మట్టి, నిక్షేపంలా ఉన్నాయి. ఇసుక ఇంకా ఎక్కువ కలపాలా? బీచ్ ఇసుక కడిగి వాడొచ్చా? ఈ పాత మట్టి ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ముందు లేచి ఆ జేడ్‌ని కుండీలోంచి బయటికి తియ్యండి.

కుండీని పక్కకి వంచి, మొక్క మొదలు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అంచు మీద అరచేత్తో నాలుగు దెబ్బలు వేస్తే మట్టిముద్ద మొత్తం ఊడి వస్తుంది. పైన రెండంగుళాలు పొడిగా, లేత గోధుమరంగులో కనిపిస్తుంది. మీరు రోజూ చూసింది అదే. అడుగున మూడు వేళ్ళ మందం నల్లగా, జిగటగా ఉండి మురుక్కాలవ వాసన కొడుతుంది. ఆ భాగంలో వేళ్ళు పట్టుకుని లాగితే పైతొక్క ఊడి చేతికొచ్చి, లోపల దారం ఒక్కటే మిగులుతుంది. ఆ వేళ్ళ మీద ఆశ వదులుకోండి. కాండాన్ని మెత్తబడినచోటికి పైన కొయ్యండి. కోసిన ముఖంలో గోధుమరంగు చుక్క గానీ వలయం గానీ ఉంటే ఇంకో అంగుళం పైకి వెళ్ళండి. లోపల లేతాకుపచ్చగా, శుభ్రంగా కనిపించేదాకా కోస్తూ పోవాల్సిందే. ప్రతి కోతకీ కత్తిని స్పిరిట్‌తో తుడవండి. లేకపోతే కుళ్ళుని మీరే కింద నుంచి పైకి ఎక్కించినట్టవుతుంది. మిగిలిన కొమ్మని నీడలో, గాలి తగిలేచోట, పాత పేపరు మీద పడుకోబెట్టండి. పుస్తకాల్లో నాలుగైదు రోజులంటారు గానీ, వానలు పడే రోజుల్లో మన ఊళ్ళో పది రోజులు ఉంచినా నష్టం లేదు. జేడ్ కొమ్మ నెల రోజులు బయట పడున్నా చావదు. కోసినచోట పసుపు అద్దితే అద్దండి, నేనూ అద్దుతాను, కానీ అసలు మందు ఆరబెట్టడమే.

ఈ పది రోజుల్లో మట్టి సంగతి చూసుకుందాం.

మీ అమ్మాయి ఇంట్లో బతికిన మట్టిలో మీ ఇంట్లో మొక్క ఎందుకు చచ్చిందంటే, తేడా ఊరి గాలిలో ఉంది. మందారమో టమాటానో అయితే పగలంతా ఆకుల్లోంచి నీళ్ళు వదులుతూ, ఆ మేరకు మట్టిలోంచి లాగుతూ ఉంటుంది. అంటే కుండీని మొక్కే సగం ఆరబెడుతుంది. జేడ్, ఎచివేరియా, స్నేక్ ప్లాంట్ అలా కాదు. పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రిపూట తెరుస్తాయి. ఎడారుల్లో బతకడానికి నేర్చుకున్న పొదుపు అది. అలాంటి మొక్క ఉన్న కుండీని ఆరబెట్టే పని గాలిదే. బెంగళూరు సముద్రానికి దూరంగా 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడి గాలికి ఆ పని చేతనవును. మన గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం పైనే. బట్టలారడానికే రెండు రోజులు పట్టే వానాకాలంలో, సగానికి సగం కోకోపీట్ ఉన్న కుండీ ఎప్పటికి ఆరుతుంది? కోకోపీట్ తన బరువుకి ఏడెనిమిది రెట్లు నీళ్ళు పట్టి ఉంచుతుంది. పైగా మన దగ్గర గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువ. ఆగస్టు దాకా బాగుండి సెప్టెంబరులో పోవడంలో వింతేం లేదు. వేళ్ళకి నీళ్ళతోపాటు ఊపిరి కూడా కావాలి. మట్టి సందులన్నీ రోజుల తరబడి నీళ్ళతో నిండిపోతే ముందు వేరు ఊపిరాడక చస్తుంది, ఆ తర్వాతే పిథియం, ఫైటోఫ్తోరా లాంటి కుళ్ళుతెగుళ్ళు వచ్చి చేరతాయి. అందుకే ఆ దశలో ఏ పౌడరు పోసినా ఉపయోగం ఉండదు.

ఇక అడుగున గులకరాళ్ళు. ఇది దాదాపు అందరూ చేసే పనే, నేనూ ఏళ్ళ తరబడి చేశాను. వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్ళలో ముంచి, అరచేతి మీద పడుకోబెట్టి పట్టుకోండి. కారేదంతా కారిపోయి, చుక్క కూడా పడని స్థితి వస్తుంది. ఇప్పుడు అదే స్పాంజిని పొడవుగా నిలబెట్టండి. మళ్ళీ ధార కడుతుంది. కాసేపటికి ఆగుతుంది. ఆగాక పిండి చూడండి, పైభాగం కంటే అడుగుభాగంలో తడి ఎక్కువ. కుండీలో మట్టీ ఇంతే. సన్నటి సందుల్లో నీళ్ళు అంటుకుని ఉంటాయి, బరువు సరిపోతేనే కిందికి జారతాయి. మట్టి అడుగున ఎప్పుడూ కొంత మందం తడిపొర మిగులుతుంది. ఆ మందాన్ని నిర్ణయించేది మట్టి నలుసుల పరిమాణం. కింద రాళ్ళు వేసినంత మాత్రాన ఆ పొర రాళ్ళలోకి దిగదు, రాళ్ళ పైనే కూర్చుంటుంది. ఆరంగుళాల కుండీలో రెండంగుళాలు రాళ్ళు వేశారంటే తడిపొరని రెండంగుళాలు పైకెత్తి వేళ్ళకి అందించారన్నమాట. చిల్లు మీద ఒక పెంకుముక్క చాలు, మట్టి జారకుండా. మిగతాదంతా మట్టికే వదిలెయ్యండి. లోతు తక్కువ పళ్ళేల్లాంటి అలంకారపు కుండీల్లో మొక్కలు త్వరగా కుళ్ళడానికి కారణం కూడా ఇదే: పడుకోబెట్టిన స్పాంజి.

ఇసుక ఇంకా కలపాలా అన్నారు. ఏ ఇసుక? గోడ ప్లాస్టరింగుకి వాడే సన్న ఇసుక మట్టిలో కలిపితే మట్టి వదులవ్వదు, గట్టిపడుతుంది. బూందీలో శనగపిండి పోసి కలిపినట్టు, సందులన్నీ నిండిపోతాయి. కోకోపీట్, వర్మీ కంపోస్టు, సన్న ఇసుక మూడూ నలుసులే కాబట్టి మీ కుండీలో గాలికి చోటే లేదు. రాయిని పిండిచేసి తయారుచేసే రోబో ఇసుక కూడా అలాగే, అందులో రాతిపొడి ఎక్కువ. జల్లించి, కడిగి, ముతకది మాత్రం వాడుకోవచ్చు. బీచ్ ఇసుక జోలికి వెళ్ళకండి. ఉప్పు కడిగితే పోతుందేమో గానీ, రేణువు సన్నగా, అంతా ఒకే సైజులో ఉంటుంది, గవ్వల సున్నం కలిసి ఉంటుంది, మన తీరంలో ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాల నల్లచారలూ ఉంటాయి. అన్నిటికీ మించి తీరంలో ఇసుక తవ్వడం నిషేధం. ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను. భీమిలి రోడ్డులో వెళ్తూ ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగి సంచీ నింపుకొచ్చేవాళ్ళని చూశాను. అది జాతీయ భూవారసత్వ స్థలం, వేల ఏళ్ళుగా గాలీ నీరూ పేర్చిన దిబ్బ. కుండీలోకి సరిపడే ఎర్రమట్టి ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది.

నేను వాడేది ఇటుక ముక్క. ఇది తెలివితో కనిపెట్టింది కాదు, గతిలేక చేసిన పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా సీతమ్మధార ఇంటి పిట్టగోడ ఒకవైపు కూలింది. కుండీలు సగం పగిలాయి, మట్టి కొట్టుకుపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, మంచినీళ్ళకే తిప్పలు, ఇంక కుండీ మట్టి ఎవరికి కావాలి? మేడ మీద వేళ్ళు తేలిపోయి పడున్న కలబంద, రణపాల, ఎడీనియం పిల్లల్ని పారెయ్యడానికి మనసొప్పక, చేతికందిన ఇటుక చిదపల్లో కాస్త ఎర్రమట్టి కలిపి గుచ్చాను. తర్వాతి వానాకాలం నేను శ్రద్ధగా మంచి మట్టి కొనితెచ్చి నాటినవి రెండు పోయాయి. ఇటుక ముక్కల్లో గుచ్చినవి ఒక్కటీ పోలేదు. అప్పుడు బుద్ధొచ్చింది.

కాల్చిన ఎర్ర ఇటుక లోపల సన్నటి రంధ్రాలుంటాయి, అవి కాసిని నీళ్ళు దాచుకుంటాయి. ముక్కకీ ముక్కకీ మధ్య సందులో గాలి ఉంటుంది. ఒకే వస్తువు రెండు పనులూ చేస్తుంది. నర్సరీల్లో దొరికే తెల్లటి, తేలికైన పెర్లైట్ గుళికలు కూడా ఈ పనే చేస్తాయి, ఇంట్లో ఉండే మొక్కలకి బాగుంటాయి కూడా. కానీ మీ బాల్కనీలాంటి చోట అవి నీళ్ళు పోస్తే పైకి తేలుతాయి, ఆరితే గాలికి ఎగిరి పక్క ఫ్లాటువాళ్ళ కాఫీలో పడతాయి, కుండీ తేలికై ఈదురుగాలికి పడిపోతుంది. ఇటుక బరువు ఇక్కడ లాభమే. ఒక్క జాగ్రత్త. మన ఊళ్ళో ఇప్పుడు కట్టే ఇళ్ళలో చాలావాటికి బూడిదరంగు ఫ్లైయాష్ ఇటుకలు వాడుతున్నారు. అవి కాల్చినవి కావు, సున్నమో సిమెంటో కలిపి గట్టిపరచినవి. కుండీకి పనికిరావు. ఎర్రదే కావాలి, దాని మీద సిమెంటు అంటుకుని ఉంటే గీకెయ్యాలి. పాత ఇల్లు పడగొడుతున్నచోట మేస్త్రీని అడిగితే నాలుగు ఇటుకలు ఊరికే ఇస్తాడు.

ఇటుకని తడిపి, గోనెసంచిలో పెట్టి, సుత్తితో కొట్టండి. తడిపితే దుమ్ము లేవదు, అయినా ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఆ తర్వాత జల్లెడ. అమ్మా, మట్టి కలపడంలో మీరు డబ్బు పెట్టాల్సిన వస్తువు ఏదైనా ఉంటే అది జల్లెడే. కొలత వంటింటి పోపులడబ్బాలో ఉంది: ఆవగింజ, మిరియం, శనగగింజ. ఆవగింజ కన్నా సన్నగా ఉన్నది జల్లించి పారబొయ్యండి. శనగగింజ కన్నా పెద్దది మళ్ళీ సంచిలో వేసి కొట్టండి. మిరియం సైజుది ఎంత ఎక్కువుంటే అంత మంచిది. మా అత్తగారి పాత రవ్వ జల్లెడ ఇలాగే మేడెక్కి మళ్ళీ దిగలేదు. ఆవిడ కొన్నాళ్ళు అలిగి, తర్వాత ఆవిడే వచ్చి జల్లించి పెట్టేవారు, నేను సరిగ్గా జల్లించనని. ఒక ఇటుక కొట్టి జల్లిస్తే పనికొచ్చేది లీటరు మగ్గుతో సుమారు రెండు మగ్గులు వస్తుంది. బకెట్టు నీళ్ళలో వేసి కలిపి, ఎర్రనీళ్ళు ఒంపేసి, ఒక రాత్రి నాననిచ్చి వాడండి. ఆ ఎర్రపొడి వదిలేస్తే నాలుగు తడులకి అడుగుకి దిగి సిమెంటులా పేరుకుంటుంది.

జేడ్, హవర్తియా, ఎడీనియం, కాక్టస్‌లకి నా కొలత ఇది: ఇటుక ముక్క మూడు మగ్గులు, దొడ్డు ఇసుక గానీ కడిగిన బేబీ చిప్స్ (సన్న కంకర) గానీ రెండు, బొగ్గుముక్క ఒకటి, ఎర్రమట్టి ఒకటి, జల్లించిన వర్మీ కంపోస్టు ఒకటి, గుప్పెడు వేపపిండి. కోకోపీట్ అసలే వద్దు. చూడ్డానికి మట్టిలా ఉండదు, ఇల్లు కట్టేచోట ఊడ్చిన చెత్తలా ఉంటుంది. భయపడకండి. తడిపి గుప్పెడు పిడికిలిలో బిగించి వదలండి. లడ్డూలా నిలబడితే సన్నం ఎక్కువైంది. వేలు తగలగానే విడిపోవాలి. కుండీలో నింపి మగ్గు నీళ్ళు పోస్తే పైన నిలవకుండా పోసింది పోసినట్టు దిగి, నాలుగైదు లెక్కపెట్టేలోపు కింద చిల్లులోంచి రావాలి.

స్నేక్ ప్లాంట్‌కీ జీజీకీ ఇదే మిశ్రమంలో ఎర్రమట్టి ఇంకో మగ్గు కలిపితే సరిపోతుంది. ఈ రెంటికీ మట్టిలోపల దుంపలుంటాయి, అవి తడిలో నానితే పైకి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మనీ ప్లాంట్, సింగోనియం, అగ్లోనీమా వేరే జాతి మనుషులు. అడవిలో చెట్లు పట్టుకుని పాకేవీ, ఆకుచెత్తలో పెరిగేవీ. వాటికి తడి ఇష్టమే, అయితే గాలితో కూడిన తడి. కోకోపీట్ రెండు మగ్గులు, ఇటుక ముక్కో పెర్లైటో రెండు, వర్మీ కంపోస్టు ఒకటి, ఎర్రమట్టి ఒకటి, బొగ్గు అర. పీస్ లిల్లీ ఉంటే ఇటుక ఒక మగ్గుకి తగ్గించండి, అది దాహం తట్టుకోలేదు.

ఇటుకలా నొక్కి అమ్మే కోకోపీట్‌ని నానబెట్టి నేరుగా వాడకండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి, పాత పంచెలో వేసి పిండండి, రంగు తేరేదాకా. వర్మీ కంపోస్టు మంచిదని ఎక్కువ వేస్తే అదే బురదవుతుంది. కుండీకి అయిదో వంతు దాటనివ్వకండి.

ఆ నల్ల దోమలు కుట్టేవి కావు. ఎప్పుడూ తడిగా ఉండే పైమట్టిలో, కుళ్ళుతున్న పదార్థంలో గుడ్లు పెడతాయి. పై రెండంగుళాలు బాగా ఆరనిచ్చి, దాని మీద అంగుళం మందాన ఇటుక ముక్క పరిస్తే వాటి పుట్టుక ఆగుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, వాడిన టీ పొడి పోస్తున్నారేమో ఉత్తరంలో రాయలేదు. పోస్తుంటే ఆపండి. గులాబీకో కరివేపాకుకో పోసుకోవచ్చు, ఇంట్లో కుండీకి వద్దు.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కని మీరు కలిపిన మట్టిలో ఆ ముద్దతోనే పెట్టారా? నర్సరీలకి పేరుపడ్డ కడియం వైపు నుంచి వచ్చే మొక్కల్లో చాలావాటికి వేళ్ళ చుట్టూ ఒండ్రుమట్టి బంతిలా బిగిసి ఉంటుంది. గోదావరి గట్టున ఆ మట్టి బంగారం. మన కుండీలో మాత్రం చుట్టూ ఎంత మంచి మిశ్రమం పోసినా మధ్యలో ఆ బంతి స్పాంజిలా తడి పట్టుకుని కూర్చుంటుంది. బకెట్టు నీళ్ళలో నానబెట్టి, వేళ్ళు తెగకుండా మట్టి వదిలించి, సక్యులెంట్లయితే రెండు మూడు రోజులు ఆరబెట్టి నాటండి. కొన్నిటికి వేళ్ళ చుట్టూ చిన్న వల సంచీ కూడా ఉంటుంది, అదీ కత్తిరించెయ్యండి.

సక్యులెంట్లకి మట్టికుండీ వాడండి, పక్కల నుంచి కూడా ఆరుతుంది. చిల్లు లేని పింగాణీ గిన్నెలు బహుమతిగా వస్తుంటాయి. టైల్స్ మేస్త్రీ చేత చిల్లు పెట్టించండి, లేదా అందులో చిన్న కుండీ దాచి పెట్టుకోండి. మీ తూర్పు బాల్కనీకి సముద్రం జల్లు ఏటవాలుగా కొడుతుంది కాబట్టి జూన్ నుంచి నవంబరు దాకా జేడ్‌ని గోడవారకి జరపండి.

వారానికి రెండుసార్లని ముహూర్తం పెట్టుకోవడం మానెయ్యండి. కొబ్బరి చీపురుపుల్ల ఒకటి కుండీ అడుగు తగిలేదాకా గుచ్చి పది నిమిషాలు వదిలి తియ్యండి. పుల్ల చల్లగా, నల్లగా వచ్చినా, మట్టి అంటుకున్నా ఆ రోజు నీళ్ళు లేవు. పొడిగా వస్తే చిల్లులోంచి కారేదాకా పొయ్యండి, పళ్ళెంలో నిలిచింది ఒంపెయ్యండి. కొత్త మిశ్రమంలో జేడ్‌కి మే నెలలో నాలుగైదు రోజులకోసారి కావాల్సి రావచ్చు, అక్టోబరు ముసురులో మూడు వారాలు అక్కర్లేకపోవచ్చు. ఇందులో సారం తక్కువ కాబట్టి ఎండాకాలం ముందు, వానలు వెనకబట్టాక ఒక్కో చెంచా వర్మీ కంపోస్టు పైన చల్లితే చాలు.

ఎచివేరియా గురించి మీరు అడగలేదు గానీ, మళ్ళీ కొంటారని తెలుసు. చాలా రకాలు మెక్సికో కొండల మొక్కలు, రాత్రి చల్లబడాలి వాటికి. మన జూన్ రాత్రుల ఉక్కపోతకి ఏ మట్టీ జవాబు చెప్పలేదు. నేను నాలుగుసార్లు ప్రయత్నించి మానేశాను. కొనాలనిపిస్తే డిసెంబరులో కొని మార్చి దాకా చూసి ఆనందించండి. ఆ రూపమే కావాలంటే హవర్తియా పెంచుకోండి, మీది బతికే ఉందిగా.

చివరిగా పాత మట్టి. ఎచివేరియా, జేడ్ కుళ్ళిన కుండీల మట్టిని మళ్ళీ ఏ కుండీలోనూ వెయ్యకండి, అపార్టుమెంటు కింద పెద్ద చెట్టేదైనా ఉంటే దాని మొదట్లో పోసెయ్యండి. మిగతా కుండీలది మేడ మీద పాలిథిన్ పట్టా పరిచి వారం రోజులు ఎండలో తిరగేసి, జల్లించి, మనీ ప్లాంట్ మిశ్రమంలో కోకోపీట్‌కి బదులు కలుపుకోవచ్చు. అడుగున వేసిన ఆ రెండంగుళాల గులకరాళ్ళు కడిగి దాచండి, తుపాను గాలి మొదలైనప్పుడు కుండీల పైన బరువుకి పనికొస్తాయి.